వంకాయకు పడిన శిక్ష

నాకు దద్దుర్లు మొదలైన దగ్గర్నుంచి మా అమ్మే మా ఇంటి న్యాయమూర్తి. కడప నుంచి మా తెల్లాపూర్ ఫ్లాటుకు వచ్చిన ఆమె, నేను గోక్కున్నప్పుడల్లా ఒక వంటకాన్ని దోషిగా తేల్చేది. గోంగూర పోయింది. కోడిగుడ్డు పోయింది. చివరికి నా ప్రాణమైన గుత్తివంకాయ కూడా పోయింది. ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం డబ్బా తెరిచి, పక్కవాళ్ల ప్లేట్లలోకి కుళ్లుకుంటూ చూసేవాణ్ణి.

ఇక ఆగలేక రక్తపరీక్షకు ఆసుపత్రికి వెళ్లాను. వంకాయ విడుదలైతే చాలనుకున్నాను. సాక్ష్యం చెప్పడానికి అమ్మ కూడా వచ్చింది.

డాక్టరుగారు హైదరాబాదు మనిషి, ఓపికగా చెప్పారు. "పడనిదేదన్న మొదటిసారి ఒంట్లకు వస్తే ఏం గాదమ్మా. కాని రక్తంల దానికోసమని యాంటీబాడీలు తయారైతయి. అవి పోయి చర్మంల, ముక్కుల ఉన్న కణాలకు అతుక్కొని కూసుంటయి. గదే మల్ల వచ్చిందనుకో, ఆ కణాలు లోపలున్నదంత ఒక్కసారే కక్కుతయి. ఇగ దురదే దురద."

"అట్లయితే వంకాయే సార్," అంది అమ్మ. "వీడు పాలపండ్లు వచ్చినప్పట్నుంచి అదే తింటా ఉండాడు."

రిపోర్టు వచ్చింది. వంకాయ, గోంగూర, గుడ్డు అన్నీ నిర్దోషులే. దోషి పిల్లి.

ఆ పిల్లి అమ్మది. పార్కింగులో దొరికితే తెచ్చి పెంచుకుంటోంది.

"వచ్చిన పొద్దు నీ ఒళ్లోనే పండుకునింది గదరా! నీకేమన్నా అయ్యిందా?" అని అమ్మ నిలదీసింది.

మొదటిసారి ఏమీ కాదని డాక్టరు చెప్పింది సరిగ్గా అదేనని గుర్తుచేశాను. మర్నాడు అమ్మ పిల్లిని కింది ఫ్లాటువాళ్లకు ఇచ్చేసి, నాకు గుత్తివంకాయ వండింది.

కూర అద్భుతంగా ఉంది. కానీ వంటింట్లో అమ్మ గొంతు వినిపించలేదు. ఆమె కడప కబుర్లను మొదట్నుంచి చివరిదాకా వినే ప్రాణి ఈ టవర్‌లో ఆ పిల్లి ఒక్కటే. నేనైతే సగంలోనే ఆఫీసు కాల్ ఉందని లేచిపోతాను. సగం తిన్న కంచం పక్కన పెట్టేశాను.

చెయ్యి కడుక్కుని వెళ్లి పిల్లిని తెచ్చాను. లిఫ్టులోనే తుమ్ములు అందుకున్నాయి. తలుపు తీసిన అమ్మకు ఎర్రబడ్డ చేతులు చూపించి, "ఆ రిపోర్టు తప్పమ్మా. వంకాయ తిన్నానో లేదో, చూడు ఎట్లా లేచాయో," అన్నాను.

"నేను మొదట్నుంచి చెప్తానే ఉండా గదా!" అంటూ అమ్మ పిల్లిని లాక్కుని, అప్పుడే ఏదో కబురు మొదలుపెట్టింది.

నేను అలర్జీ మాత్ర మింగి, పెరుగన్నం కలుపుకున్నాను.