మిగతావాటికి రెండు చుక్కలు

ఫ్రిజ్ మోటారు ఆగితే చాలు, చుక్కలమ్మ ఉలిక్కిపడి లేస్తుంది. చప్పుడైతే భయపడేవాళ్లను చూశాం గానీ, చప్పుడు ఆగితే భయపడే మనిషి ఈవిడే. వదినా మరదళ్లు ఉప్పూ నిప్పూ అంటారు కదా, ఈ ఇంట్లో మాత్రం మరదలు ఒక్క మాట అనదు. "ఫ్రిజ్జే వదినా, కూర్చో" అంటుంది, అంతే.

ఆఫీసులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చుక్కలమ్మ అనే పేరు ఒక ప్రోగ్రామింగ్ భాష వల్ల వచ్చింది. ఫంక్షనల్ అనే రకం కంప్యూటర్ భాషల్లో అదొకటి, మహా చాదస్తపుది. లోపలికి వచ్చే సమాచారం ఎన్ని రకాలుగా ఉండొచ్చో చూసుకుని, ఏ రకం వస్తే ఏం చేయాలో ఒక్కోదానికి ఒక్కో వరుస రాసి తీరాలి. ఒక్క రకం మరిచినా ప్రోగ్రామును గడప దాటనివ్వదు. వయసులో ఉన్నప్పుడు చుక్కలమ్మ ఆ పోరు పడలేక, భాషలో ఒక కొత్త గుర్తు పెట్టండని ప్రతిపాదన పంపింది. చివర రెండు చుక్కలు పెడితే, మిగతావి ఏవొచ్చినా పట్టించుకోకు అని అర్థం. భాషను నడిపే పెద్దలు పుర్రెకో బుద్ధిగా కొట్టుకునేవాళ్లే, దీనికి మాత్రం అందరూ తలూపారు. బద్ధకానికి దారి చూపిస్తే కాదనేవాడు ఎవడు? చూస్తుండగానే చుక్కల్లేని ప్రోగ్రాము కనబడకుండా పోయింది. ఆవిడ మురిసిపోయింది. ఆవిడకన్నా తమ్ముడు ఇంకా మురిసిపోయాడు.

ఆ తమ్ముడే ఆసుపత్రి మంచం మీద పోయాడు. మంచం పక్కన ఒక యంత్రం ఉండేది. గుండె కొట్టుకోవడంలో తేడా వస్తే మోగడం దాని పని. ఛాతీ మీది తీగ ఊడిపోయింది. తీగ ఊడితే తెలిపే కొత్త సంకేతాన్ని ఆ మధ్యే యంత్రంలో చేర్చారు గానీ, ప్రోగ్రాములో దానికి వరుస రాయడం మరిచిపోయారు. వెనకటి చాదస్తపు భాషయితే అక్కడే నిలదీసేది. చివర రెండు చుక్కలున్నాయి కాబట్టి ఊరుకుంది. తీగ ఊడాక తమ్ముడి గుండె తడబడింది, యంత్రం కుక్కిన పేనులా ఉండిపోయింది. తర్వాత కంపెనీ ఇంజనీరు వచ్చి, తల దించుకుని, ఆ వరుసలు తెర మీద చూపించాడు. వాటి చివర చుక్కలమ్మకు తన రెండు చుక్కలు కనబడ్డాయి. పక్కనే మరదలు ఉంది. ఆ పిల్లకు ఇవన్నీ ఏం అర్థమవుతాయిలే అనుకుని, ఆ చుక్కలు ఎవరివో చెప్పకుండా మింగేసింది.

మింగితే అరుగుతుందా? లిఫ్టు తలుపులు మూసుకున్నా, కూడలిలో ఎర్రదీపం వెలిగినా, దీని లోపల కూడా నా చుక్కలున్నాయా అనిపించేది. వాటి వెనకాల తమ్ముడు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నట్టే ఉండేది. చివరికి ఆవిడ రెండో ప్రతిపాదన రాసింది. ఆ గుర్తును భాషలోంచి తీసేయండి అని. మొదటిది మగవాడి మారుపేరుతో పంపింది, ఇది అసలు పేరుతో పంపింది.

చర్చ రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ఎదురుగా మరదలు ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకండీ?" అన్నాడు తెర మీద కళ్లజోడు సభ్యుడు. "ఇప్పుడు తీసేస్తే ఉన్న ప్రోగ్రాములన్నీ మూలపడతాయి. అయినా ఆ గుర్తు పెట్టినాయన గొప్పవాడు. పోయారట పాపం. బతికుంటే దీనికి ఒప్పుకునేవారా?"

"చచ్చినా ఒప్పుకునేవారు కాదు" అన్నారు ఇంకెవరో.

తన చావుకబురు తనే వింది చుక్కలమ్మ. ఊరుకుంటే ఆ చావు వెనక హాయిగా దాక్కోవచ్చు, కానీ ప్రతిపాదన గాలికి పోతుంది. నిజం చెబితే ఎదురుగా కూర్చున్న మనిషి వింటుంది. తనకంటూ మిగిలింది ఆ ఒక్క మనిషే.

"ఆయన కాదండీ, ఆవిడ" అంది. "పోలేదు. నేనే. పోయింది నా తమ్ముడు, ఆ చుక్కల వల్లే. దయచేసి తీసేయండి."

మరదలి చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

సభ నడిపే పెద్దాయన ఓటు పెట్టించాడు. ఇకమీదట రాసే ప్రోగ్రాముల్లో చుక్కలు చెల్లవు, పాతవాటి జోలికి మాత్రం వెళ్లం అని తేల్చారు. గెలిచినట్టే. కానీ ఎక్కడెక్కడి మంచాల పక్కనో ఇప్పటికే ఉన్న యంత్రాల్లో అవి అలాగే ఉంటాయి. ఆవిడ ల్యాప్‌టాప్ మూసింది. తల ఎత్తలేకపోయింది.

"నాకు తెలుసు వదినా" అంది మరదలు.

"ఎప్పట్నుంచి?"

"పెళ్లయిన కొత్తలోనే. మా అక్క పెట్టిన చుక్కలు అని మీ తమ్ముడు కనబడ్డవాళ్లందరికీ చెప్పేవారు కదా. నాకైతే గీసి మరీ చూపించారు. ఆ ఇంజనీరు చూపించగానే గుర్తుపట్టాను."

"మరి ఒక్కసారైనా అడగలేదేం? తిట్టలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను. చూసి చూసి ఒళ్లు మండేది. మళ్లీ, అడిగితే ఎక్కడికైనా వెళ్లిపోతావేమోనని భయం. నాకు మాత్రం ఇంకెవరున్నారు?" చొక్కా మడత విప్పి మళ్లీ పెట్టింది. "ఫ్రిజ్జే, కూర్చో అని నీకొక్కదానికే చెప్పాననుకున్నావా? నాకు నేనూ చెప్పుకున్నాను."

చుక్కలమ్మ ఏదో అనబోయింది. వంటింట్లో మోటారు ఆగింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు.