మామయ్యగారి గడ్డం

మా మామగారి గడ్డం మొదటిసారి కత్తిరించిన రోజు నేను అన్నం తినలేదు. మర్నాడు పొద్దున కూడా కాసిని మజ్జిగ తాగి ఊరుకున్నాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. పెళ్ళయి ఏడు నెలలు.

మా అత్తవారిది నూజివీడు నుంచి చాట్రాయి వైపు వెళ్తుంటే మామిడితోటల మధ్య తగిలే ఊరు. ఆ ఊళ్ళో కూడా కాదు, ఊరికి ఎడంగా ఉన్న క్రైస్తవుల పేటలో. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది తిరగలేదింకా. మామగారు ముప్ఫయ్యేళ్ళు మిషనులో ఉపదేశిగా వాక్యం చెప్పి, పిల్లలకి బడి నడిపి, మోకాళ్ళు పట్టేయడంతో మానుకున్నారు. అత్తగారు నేను కాపరానికి రాకముందే పోయారు. ఇంట్లో మామగారు, మా ఆయన, నేను. అంతే.

మామగారికి గుండెల దాకా దిగిన గడ్డం ఉండేది. పేటలో అలాంటి గడ్డం ఇంకెవరికీ లేదు. ఆయన చిన్నప్పుడు వచ్చిన ఒక పాదిరీ దొరకి అలాగే ఉండేదట. చెంపల మీద పొట్టిగా, దవడ దగ్గర ఒత్తుగా, కిందికి దిగేకొద్దీ సన్నబడి చివర నాగటి కర్రులా మొన తేలాలి. ఆ మొన చెడకుండా పదిహేను రోజులకోసారి శనివారం నాడు మా ఆయన దాన్ని కత్తిరించి దిద్దేవాడు. మర్నాడు ఆదివారం గుళ్ళో ప్రార్థన చేయించేది మామగారే. ఉద్యోగం మానుకున్నా ఆ పని మానుకోలేదు.

ఊళ్ళో మంగలి మా పేటకి వచ్చేవాడు కాదు. మా గడ్డం మీద పెట్టిన కత్తిని ఊళ్ళో ఇంకెవరూ తమ మీద పెట్టనివ్వరు, ఆ భయం అతనిది. అందుకని మావాళ్ళ తలలూ గడ్డాలూ ఇళ్ళల్లోనే. మా ఆయన యుద్ధం రోజుల్లో పట్టాళం వాళ్ళ రోడ్డు పనికి అస్సాం దాకా వెళ్ళి, వస్తూ ఒక చేతిమిషను తెచ్చాడు. దానికి రెండు పిడులు. పిడికిట్లో పట్టుకుని నొక్కుతూ వదులుతూ ఉంటే ముందున్న పళ్ళు కదిలి వెంట్రుక తెగుతుంది. ఇప్పుడు మా మనవలు కరెంటు మిషను చెంపకి ఆనించి, ఫోన్లో మాట్లాడుకుంటూ రెండు నిమిషాల్లో ముగించేస్తున్నారు. అది అలాంటిది కాదు. నొక్కడం ఒక్క క్షణం ఆలస్యమైతే వెంట్రుకని కొయ్యదు, పీకుతుంది.

ఆ ఏడు కాయ బాగా కాసింది. మా ఆయన ఒక తోటకి కాపలా కుదిరి, గుడిసె వేసుకుని అక్కడే ఉండిపోయాడు. మొదట్లో శనివారం శనివారం వచ్చి వెళ్ళేవాడు. కాయ ముదిరాక దొంగల భయానికి అదీ మానేశాడు. అలా రెండు శనివారాలు చూసి, మూడో శనివారం మధ్యాహ్నం మామగారు వేపచెట్టు కింద పీట వేసుకుని కూర్చుని నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఆ మిషను పట్రా. ఇవాళ నువ్వు దిద్దు."

"నాకు రాదు మామయ్యగారూ."

"రావడానికేముంది? బోర్డింగులో ఎనిమిది చదివావు. అల్లికలూ కుట్లూ వచ్చు. ఇది రాదా?"

బోర్డింగు బడిలో నాకు అల్లికలొక్కటే నేర్పలేదు. రోజూ పొద్దున్నే వరసలో నిలబెట్టి గోళ్ళు, చెవులు, మెడ చూసేవాళ్ళు. ఎక్కడ మట్టి కనిపించినా బెత్తంతో కొట్టేవాళ్ళు. ఎనిమిదేళ్ళు అలా పెరిగాను. ఒకరు తాగిన గ్లాసులో నీళ్ళు తాగలేను. అలాంటిదాన్ని వెళ్ళి ఆ గడ్డం చేత్తో పట్టుకోవలసి వచ్చింది.

మామిడిపళ్ళ రోజులు. మామగారికి రసాలంటే ప్రాణం. పండుని రెండు చేతులా పిసికి, మూతి కొరికి, జుర్రుకుంటూ తినేవారు. రసం మూతినుంచి కారి గడ్డంలోకి ఇంకేది. పైన కండువాతో తుడుచుకుంటే లోపలిది లోపలే ఉండేది. దానికి తోడు పొడుము పీల్చే అలవాటు. నేను గడ్డం పట్టుకోగానే చేతికి తగిలింది వెంట్రుకలా లేదు, ఎండి గట్టిపడిన పీచులా ఉంది. విడదీస్తే లోపల జిగురు. మామిడి టెంక పీచు ముక్కలున్నాయి, చద్దన్నం మెతుకొకటి ఎండి గడ్డం మధ్యలో అతుక్కుపోయి ఉంది. మీసం కింద పొడుము నల్లగా పేరుకుంది. పులిసిన తీపీ పొడుమూ చెమటా కలిసిన వాసన. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. నా వేళ్ళ మధ్యనుంచి ఒక చీమ బయటికి వచ్చి మణికట్టు మీదుగా పాకింది.

కడుగుదాం అన్నాను. తడిస్తే మిషను తుప్పు పడుతుంది, పొడిగానే కానివ్వమన్నారు. కానిచ్చాను. ఆ జిగురులో మిషను పళ్ళు చిక్కుకుని ఒక పాయ పీకాయి. ఆయన నా చేతి మీద ఒక్కటేశారు. గట్టిగా కాదు, బడిలో పిల్లల్ని కొట్టినట్టు. తెగిన వెంట్రుకలు చెమటకి నా మోచేతులకీ మెడకీ అతుక్కున్నాయి. రవికెలోకి పోయాయి. ఒకటి పెదవి మీద పడింది. ఉమ్మేద్దామని నోరు తెరిస్తే లోపలికే పోయింది. నాలిక మీద అది తియ్యగా తగిలింది.

మిషను పీట మీద పడేసి గడ్డివామి వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. పొద్దున తిన్నదంతా పోయింది. తలెత్తి చూస్తే దడికి అవతల పక్కింటి పిన్ని నవ్వుతూ నిలబడి ఉంది.

"ఎన్నో నెలే?" అంది.

నేను చెయ్యి అడ్డంగా ఊపాను గానీ ఆవిడ వినిపించుకునే మనిషి కాదు. మర్నాడు గుళ్ళో మామగారు నేను దిద్దిన గడ్డంతో, కొత్త కండువాతో నిలబడి ప్రార్థన చేస్తూ, "ఈ నీ దాసుని ఇంట గర్భఫలము అనుగ్రహించినందుకు నీకు స్తోత్రము తండ్రీ" అన్నారు. పేటంతా ఆమెన్ అంది. ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నట్టే మూసుకుని నా వైపు చూశారు. నేను తల వంచుకుని చాప వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన నోరు కదిలినప్పుడల్లా ఆ గడ్డం ఆడుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

కబురు తోటదాకా పోయింది. మంగళవారానికి మా ఆయన ఎవరినో కాపలా పెట్టి, బుట్టెడు చెరుకురసాల మామిడిపళ్ళు నెత్తిన పెట్టుకుని నాలుగు కోసులు నడిచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నన్ను లోపలికి పిలిచి, "కూర్చో, నించోకు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"అదేం కాదు" అన్నాను.

"ఏంటి కాదు?"

"కడుపు కాదు. మీ నాన్నగారి గడ్డం కత్తిరిస్తే వాంతయింది."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"మా నాన్న గడ్డం ముట్టుకుని వాంతి చేసుకున్నావా?"

ఆ రాత్రి అన్నం కలుపుకుని తిన్నాడు గానీ నాతో మాట్లాడలేదు. తెల్లారగానే తోటకి వెళ్ళిపోయాడు. బుట్టలో రసాలు మాత్రం నేను ముట్టలేదు. మామగారే తిన్నారు, రోజుకి ఆరు, ఎనిమిది.

తరవాత పదిహేను రోజులకి మళ్ళీ పిలిచారు. ఈసారి ముక్కుకి కొంగు చుట్టుకుని వెళ్ళాను. చూసి ఊరుకున్నారు. కుడివైపు దిద్దాక ఎడమవైపుకి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆ పక్క జోలికి పోకు."

"వంకరగా ఉంటుంది మామయ్యగారూ."

"ఉండనీ."

అలాగే వదిలేశాను. పని సగం తప్పినందుకు సంతోషించాను కూడా. ఒకవైపు మొన తేలి, ఒకవైపు పొదలా ఉన్న గడ్డంతో ఆయన రెండు రోజులు అరుగు దిగలేదు, ఆదివారం ప్రార్థనకి కూడా. అన్నం తినేటప్పుడు కుడివైపే నమిలేవారు. ఈగలు ఎక్కువయ్యాయి. మామిడి రోజుల్లో ఈగలు మామూలే. అయితే ఇవి పళ్ళబుట్ట మీద కాదు, ఆయన ఎడమ దవడ చుట్టూ ముసిరేవి. కంచం పెట్టడానికి వంగితే ఇదివరకటి వాసన కాదు, చచ్చిన ఎలుక వాసన. నేను కంచం దూరంగా పెట్టి జరిపేదాన్ని.

ఆ వచ్చే ఆదివారం పాదిరీ దొరగారు జీపులో మా పేటకి వస్తున్నారని కబురు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం మామగారు మళ్ళీ పీట వేసుకున్నారు. ఒళ్ళు కాలిపోతోందని దూరానికే తెలుస్తోంది.

"రెండు పక్కలా సమం చెయ్యి. నెమ్మదిగా" అన్నారు.

ఎడమవైపు గడ్డం పైకెత్తాను. అది లేవలేదు. కిందనుంచి చర్మానికి అతుక్కుపోయి ఉంది. దువ్వెన కొసతో విడదీస్తే పసుప్పచ్చగా చీము కారింది. దవడ కింద రూపాయంత పుండు. అందులో ఏదో తెల్లగా కదిలింది. ఒకటి కాదు. మెతుకుల్లా ఉన్నాయి, కదులుతున్నాయి.

దువ్వెన నా చేతిలోంచి జారిపోయింది. మామగారు కళ్ళు మూసుకునే అడిగారు.

"పురుగులున్నాయా?"

"ఉన్నాయండి."

"రాత్రిళ్ళు లోపల పాకుతుంటే తెలుస్తోంది."

రెండు వారాల కిందట రాలిన కాయ తొడిమ పంటితో కొరికితే సొన చిమ్మి అక్కడ పడిందట. పొక్కిందట. గోళ్ళతో గీరుకున్నారట. చెబితే గడ్డం తీసేయమంటారని ఎవరికీ చెప్పలేదు.

"తీసెయ్యాలి మామయ్యగారూ."

"పుండు చుట్టూ తియ్యి. ముందర ఉంచు. ఆదివారం అయ్యాక చూద్దాం."

"మొత్తం తీసెయ్యాలి."

"వద్దన్నానా, అమ్మాయ్."

ఆయన నాకు మామగారు, ఉపదేశి. నేను అప్పటిదాకా ఆయన ముందు పీట మీద కూర్చుని ఎరగను. అయినా ఆ క్షణంలో నాకు ఆయన మీద గౌరవమూ లేదు, జాలీ లేదు. ఈ ఇంట్లో ఈ వాసనతో ఇంకొక్క పూట ఉండలేను, అంతే తెలుసు. ఆయన గుండెల మీది గడ్డం గుప్పెట్లో పట్టుకుని కత్తెరతో ఒక్క కోత కోశాను. మొన తెగి నా చేతిలోకి వచ్చింది. ఆయన కళ్ళు తెరిచి నా చేతిలో ఉన్నదాన్ని చూశారు. తరవాత తల వంచారు.

వేపాకు వేసి నీళ్ళు కాచాను. మిగిలినదంతా తడిపి, నానబెట్టి, మిషనుతో చర్మం దాకా తీశాను. తడిస్తే తుప్పు పడుతుందని ఆయన ఇంక అనలేదు. మధ్యలో రెండుసార్లు వెళ్ళి వాంతి చేసుకుని వచ్చాను. పక్కింటి పిన్ని దడి దగ్గరికి వచ్చి, లోపలికి చూసి, ముక్కు మూసుకుని వెళ్ళి వాళ్ళాయన చేత బండి కట్టించింది. ఆ మేలు మాత్రం చేసింది.

నూజివీడు ఆసుపత్రిలో నర్సమ్మ పుండులో ఏదో ఘాటైన నూనె పోసి, పట్టకారుతో పురుగుల్ని ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో వేసింది. మామగారు బల్ల అంచు పట్టుకుని గట్టిగా కీర్తన పాడుకున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. "గడ్డం ఎవరు తీశారు? బాగా తీశారు" అంది నర్సమ్మ. మామగారు చెయ్యెత్తి నన్ను చూపించారు.

రెండు రాత్రులు అక్కడే ఉండి, దొరగారు పేటకి వచ్చి వెళ్ళిపోయాక, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చాం. బండి ఊరి మొదట దింపేసి వెళ్ళింది. గడ్డం లేని ఆ మొహం చూడ్డానికి నాకు అదో రోత. చెంపలు రాగి రంగు, కింద సగం తెల్లగా పాలిపోయి, చిన్న గడ్డపు ఎముక, దానికి గుడ్డ కట్టు. వేరే ఎవరో ముసలాయన వెనక నడుస్తున్నట్టుంది.

ఎదురుగా ఊళ్ళో రైతు కొడుకొకడు సైకిలు మీద వస్తున్నాడు. పాతికేళ్ళుండవు. "ఏరా, ముసలోడా, పక్కకి తప్పుకో" అన్నాడు.

మామగారు తుమ్మకంపలోకి తప్పుకున్నారు. సైకిలు దాటిపోయింది. ఆ అబ్బాయి ఎప్పుడూ ఆయన్ని "ఏమండీ ఉపదేశిగారూ" అనే పిలిచేవాడు. ఊళ్ళోవాళ్ళంతా అంతే. పేటలో ఇంకే మగాడినీ అలా పిలిచేవాళ్ళు కారు. ఆయన గడ్డం ఎందుకు దాచుకున్నారో నాకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేయను? ఆయన కాలిలో దిగిన ముల్లు తీశాను. ఆయన నా భుజం పట్టుకుని నిలబడితే మందు వాసన, దాని కింద ఇంకా ఆ వాసనే వస్తుంటే ఊపిరి బిగబట్టుకున్నాను.

పుండు మానింది. గడ్డం మళ్ళీ పెరగసాగింది. ఎడమవైపు మచ్చ ఉన్నచోట మాత్రం మొలవలేదు. తొలకరి పడి, తోట ఖాళీ చేసి మా ఆయన ఇంటికి వచ్చాడు. జరిగింది పిన్ని ద్వారా విన్నాడు. మర్నాడు నేను చెప్పకుండానే నీళ్ళు తోడి పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం ఆయనే మిషనుకి కిరసనాయిలు పోసి తుడిచి, వేపచెట్టు కిందికి తీసుకెళ్ళాడు. నేను వంటింట్లో ఉన్నాను. ఇంక ఆ పీడ వదిలిందనుకుని పొయ్యి ఊదుతున్నాను.

"నీ చెయ్యి మోటుది. మచ్చ ఉన్న చోట కనపడకుండా దిద్దడం నీకు తెలీదు. అమ్మాయిని రమ్మను" అన్నారు మామగారు.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి మిషను నా వైపు చాపాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ముందు గడ్డం కడుక్కోమనండి. పొడుము పీల్చాక తుడుచుకోమనండి. లేకపోతే నేను రాను" అన్నాను, బయటికి వినపడేట్టు.

కాసేపటికి చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను కొంగు ముక్కుకి చుట్టుకుని మిషను తీసుకున్నాను.