పెళ్లికి రాని అప్పన్న గుండు

కోపం వచ్చిన మనిషికి కళ్లు రెండూ పనిచేస్తాయి, బుర్ర మాత్రం సెలవు పెడుతుంది. ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో, నా బుర్ర అలా సెలవులో ఉండగా నేను చేసిన ఘనకార్యం చెబుతాను. మీరు నవ్వండి, పరవాలేదు. చివర్లో నేను నవ్వలేకపోతే ఏమీ అనుకోకండి.

మాది శ్రీకాకుళం వైపు, అప్పన్నది విజయనగరం వైపు. కార్ఖానాలో ఒకే షిఫ్టు, ఒకే కంచంలో తిన్న స్నేహం. మేముండే భుయ్యాడీహ్ బస్తీలో నా పెళ్లి పందిరికి రాటలు పాతింది వాడే. తీరా ముందురోజు సాయంత్రం మాయమయ్యాడు. ఊరెళ్లాడన్నారు. తాళి కడుతున్నా నా చూపు వీధి వైపే. ఇంకెవరి కోసం చూస్తున్నానోనని పెళ్లికూతురు హడలిపోయిందట.

రెండు వారాలకి గేటు దగ్గర టీ బండి ముందు కనిపించాడు. నున్నటి గుండు, మీసం కూడా లేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన. నాకు లోకమంతా కుళ్లు. నా పెళ్లి చూడలేక మొక్కు వంకతో చెక్కేశాడని తేల్చేశాను.

"ఏట్రా, దేవుడు నా లగ్నానికే పిలిసేడేటి?" అన్నాను, నలుగురూ వినేలా.

వాడు టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు, "ఔన్రా. ఎళ్లాల్సొచ్చింది."

"మరి పెసాదం ఏదీ? దేఖో భాయ్, ఉత్త గుండుతో దిగేడు."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను.

"తెత్తాన్లే," అన్నాడు వాడు.

మర్నాడు లడ్డూలు తెచ్చాడు. గడప దాటలేదు. పొట్లం అరుగు మీద పెట్టి, "కొత్త కాపురం కదా, మళ్లీ వత్తాను," అని వెళ్లిపోయాడు. చూశారా పొగరు! ఆ లడ్డూ కళ్లకద్దుకుని తింటూనే, పచ్చకర్పూరం వాసన లేదని వంక పెట్టాను. ఆపైన వాడితో మాటలు మానేసి, షిఫ్టు కూడా మార్పించుకున్నాను.

నెల గడిచాక మా ఆవిడ, "మీ నేస్తం సిక్కిపోయేడు, ఓపాలి ఎళ్లి సూసి రండి," అని తరిమింది. ఇంకా తిట్టాల్సినవేమైనా మిగిలాయేమోనని వెళ్లాను. గుమ్మంలో వాళ్లమ్మ బియ్యం చెరుగుతోంది. ఊరి నుంచి కొత్తగా వచ్చింది. నుదుట బొట్టు లేదు, చేతులకి గాజులు లేవు.

"రా నాయినా. మీ పెదనాన్న నీ పెళ్లికని పంచి కొనుక్కున్నాడు. దాంతోనే సాగనంపేం."



"నీకు సెప్పొద్దన్నాడు మావోడు. పదార్రోజుల పండగయ్యేదాకా మీ ఇంట్లో ఏడుపు ఇనపడకూడదన్నాడు. లడ్డూలు ఇక్కడే జుగ్సలాయి బజార్లో కొన్నాడంట, బాగున్నాయా?"

తండ్రిని సాగనంపి వచ్చినవాడి చేత నేను మిఠాయి కొనిపించాను. 

అప్పుడే అప్పన్న డ్యూటీ నుంచి వచ్చాడు.

"ఎందుకు సెప్పనేదురా?" అన్నాను.

"సెబితే ఏడుత్తావని. తర్వాత సెబుదామంటే నువ్వు షిఫ్టు మార్చీసినావు."

"ఇప్పుడేడుత్తన్నాను కదరా."

"ఏడు. ఒక్కణ్ణీ ఏడిసి ఏడిసి ఇసుగొచ్చింది."

ఆ వాకిట్లో ఇద్దరం కూర్చుని ఏడ్చాం. కాబట్టి సకల జనులకూ ప్రమాణం చేసి చెబుతున్నది ఏమంటే: కోపంలో ఉండగా ఎవరి గుండుకీ నేను కారణం ఊహించను. ముందు "ఏటైందిరా" అని అడుగుతాను. లడ్డూ సంగతి ఆ తర్వాతే.