దింపు తీసిన మర్నాడు

నిరుడు ఆషాఢంలో, అమలాపురంలోని మా ఇన్వర్టర్ల రిపేరు షాపుకి రాజోలు నుంచి సూర్యనారాయణగారు రెండోసారి వచ్చారు. టెలిఫోన్ శాఖలో రిటైరైన ఆయన లైసెన్సున్న హామ్ రేడియో ఆపరేటరు. నేను చేసిచ్చిన యాంప్లిఫయర్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. మూత తీయకుండానే కాలిన వాసన కొట్టింది.

"మళ్ళీ పోయిందమ్మాయ్. ఆదివారంలోపు అవుద్దా?"

ఆ తొందరకు కారణం విశాఖపట్నంలో ఉన్న ఆయన స్నేహితుడు రామంగారు. ఇద్దరూ కలిసి మోర్స్, అంటే టెలిగ్రాఫు టిక్కు టక్కుల భాష, నేర్చుకున్నవాళ్ళు. ఒకరు కొట్టే తీరు ఇంకొకరికి చేతిరాతలా తెలుస్తుంది. లో ఫ్రీక్వెన్సీలో, అంటే మామూలు రేడియో స్టేషన్ల కంటే కిందుండే బ్యాండులో, తన సిగ్నల్ రామంగారికి వినిపించాలని ఈయన కోరిక. ఆ సోమవారమే రామంగారు ఇల్లు ఖాళీ చేసి ఫ్లాటుకి మారుతున్నారు. అక్కడ యాంటెన్నా కట్టనివ్వరు.

నేను చేసింది స్విచింగ్ యాంప్లిఫయర్. ఇన్వర్టరుకి దగ్గర చుట్టమే. ఇందులో మాస్‌ఫెట్లు అనే ట్రాన్సిస్టర్లు పూర్తిగా ఆన్ అవుతాయి, లేదా పూర్తిగా ఆఫ్ అవుతాయి. మధ్యలో తచ్చాడవు కాబట్టి పెద్దగా వేడెక్కవు, బ్యాటరీ ఇచ్చిన కరెంటులో చాలాభాగం యాంటెన్నాకే చేరుతుంది. ఈ పనిలో నాకు తిరుగులేదని నా నమ్మకం. ఎవరేమనుకున్నా సరే.

కొత్త మాస్‌ఫెట్లు వేసి డమ్మీ లోడ్ మీద, అంటే యాంటెన్నాకి బదులు పెట్టే పెద్ద రెసిస్టర్ మీద, పొద్దంతా నడిపాను. చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉంది, అంతే.

"ఇక్కడ బానే ఉంటాదమ్మా. మా ఇంటికొచ్చేకే దీనికి రోగం. వైండింగులో ఏమన్నా..." అని నసిగారు.

నాకు ఒళ్ళు మండింది. "వైండింగు నేను చుట్టిందండి బాబాయిగారూ, దానికేం కాలేదు. పదండి, మీ ఇల్లు చూస్తాను."

ఆయన పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య యాంటెన్నా తీగ కట్టి ఉంది. అంత పొడవాటి తరంగానికి ఆ తీగ చాలదు. ఆ లోటు పూడ్చడానికి వసారాలో బకెట్టంత లోడింగ్ కాయిల్ పెట్టారు. నేను దాని జోలికి పోకుండా తలెత్తి చూశాను. కాయలు దింపేసిన చెట్ల తలలు శుభ్రంగా ఉన్నాయి. చెట్ల మొదళ్ళ దగ్గర పచ్చి మట్టల గుట్ట.

"దింపు ఎప్పుడు తీయించేరండి?"

"మొన్ననే. తీగకి అడ్డమని మట్టలు కూడా కొట్టించేను."

"మరి కాయిల్ ట్యూన్ చేసిందెప్పుడండి?"

"అంతకు ముందే." ఆయనా తలెత్తి చెట్ల వంక చూశారు. "కిందటి దింపు మర్నాడే మొదటిసారి పోయిందమ్మాయ్."

యాంటెన్నాకి మేలు చేద్దామనే ఆయన మట్టలు కొట్టించారు. పచ్చి మట్టలో నీరుంటుంది. అది తీగ పక్కనుంటే యాంటెన్నా కెపాసిటెన్స్, అంటే చార్జి పట్టి ఉంచే గుణం, కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెంతో సహా ఆయన కాయిల్ సరిచేసుకున్నారు. మట్టలు పోగానే ట్యూనింగ్ తప్పింది. అప్పుడు వోల్టేజీ, కరెంటు కలిసి నడవవు. కరెంటు పారుతుండగానే మాస్‌ఫెట్ ఆఫ్ కావలసి వచ్చి కాలిపోతుంది. సంగతి దొరికాక నాకు ప్రాణం లేచొచ్చింది.

కాయిల్ మళ్ళీ ట్యూన్ చేశాం. సముద్రపు గాలికి మిగిలిన మట్టలు ఎలాగూ ఊగుతాయి, ట్యూనింగ్ కదుపుతాయి. అందుకని కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆగిపోయే చిన్న సర్క్యూట్ కూడా కలిపాను.

ఆదివారం పొద్దున్న ఆయన కీ నొక్కి, రామంగారి పేరు నిదానంగా కొట్టడం మొదలుపెట్టారు. ఒక గాలి విసురుకి సర్క్యూట్ ఆపేసింది. కాయిల్ కాస్త తిప్పి మళ్ళీ అందుకున్నారు. చాలాసేపటికి ఆయన ఫోన్ మోగితే నేనెత్తి స్పీకర్లో పెట్టాను. అవతల మాటల్లేవు. గరగరల మధ్య సన్నగా, ఈయన ఇక్కడ కొడుతున్న చప్పుడే అక్కడి రేడియోలోంచి వస్తోంది. ఈయన కొట్టడం ఆపలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"నీ చెయ్యి మారలేదురా సూర్యం," అన్నారు రామంగారు.

నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది.

బల్ల మీద బాగా నడవడం సగం పనే అని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏ ఇన్వర్టరు వచ్చినా, మూత విప్పేముందు ఇంట్లో దానికి ఏం తగిలించారో అడుగుతాను.

సూర్యనారాయణగారు దింపు ముందురోజు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. మట్టలు కొట్టాక కాయిల్ చూడాలని గుర్తుచేస్తారు. "రామంగారికి ఇప్పుడు యాంటెన్నా లేదు కదండి, ఎవరు వింటారండి?" అని ఒకసారి అడిగాను.

"ఎవరో ఒకరు రేడియో పెడతారమ్మాయ్. పెట్టిన రోజున మనం ఉండాలి కదా."

"ఆయ్, వస్తానండి," అన్నాను.