వీసీ గారికి కప్పిన శాలువా

ఉద్యమాలు రకరకాలుగా చెడిపోతాయి. కొన్ని లాఠీలకు చెడతాయి, కొన్ని చీలికలకు, కొన్ని వానకు. శాలువా వల్ల చెడిపోయిన ఉద్యమం మాత్రం నాకు తెలిసినంతలో ఒక్కటే. దానికి కన్వీనరు నేను. ఆ శాలువా కొన్నదీ నేనే, కప్పిందీ నేనే, కప్పుతూ పళ్ళన్నీ కనపడేలా నవ్విందీ నేనే. ఆ ఫోటో ఇప్పటికీ ఎవరో ఒకరి ఫోన్లో ఉండే ఉంటుంది. మీకెప్పుడైనా తగిలితే దయచేసి ఇంకొకరికి పంపకండి.

అప్పట్లో నేను విశాఖలో ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. మా విభాగం పేరు ఉత్తరాంధ్ర అధ్యయన కేంద్రం. పేరు చూసి పెద్ద భవనం ఊహించుకోకండి. గ్రంథాలయం వెనక రెండు గదులు. ఒక గదిలో మా సత్యవతి మేడం, రెండో గదిలో మేము, గోడలనిండా టేపులు. మేడం తన సర్వీసంతా జాలరిపేటల్లో, కొండ ఊళ్ళలో తిరిగి ముసలివాళ్ళ మాటలూ పాటలూ రికార్డు చేశారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలని ఆవిడ ఏటా అడిగేవారు. వచ్చే ఏడాది చూద్దామని ఏటా జవాబు వచ్చేది. ఆ టేపులు తిరిగే మిషను ఊరంతా వెతికినా మా గదిలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఆ గొంతుల్లో ఒకటి నూకాలమ్మత్త వాళ్ళమ్మది. నూకాలమ్మత్త నాతోపాటు పరిశోధన చేసే అప్పలరాజుకి మేనత్త. పూర్ణా మార్కెట్లో చేపలమ్ముకుని పేటకి తిరిగివెళ్తూ, అప్పుడప్పుడు ఖాళీ తట్టతో మా గదికి వచ్చి కూర్చునేది. తల్లి పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఫోటో కూడా లేదు. మేడం టేపు పెట్టేవారు. పడవ మీద వెళ్ళినవాళ్ళ కోసం ఎదురుచూసే పాట అది. పాట మధ్యలో ఆ ముసలమ్మ ఆగి, "ఒలే, ఆ కోడిని తోలండే, బుర్ర తినేత్తంది" అని ఎవరినో కసురుకుని మళ్ళీ అందుకుంటుంది. మేమంతా పాటని మెచ్చుకునేవాళ్ళం. నూకాలమ్మత్త మాత్రం ఆ కసురు కోసం వచ్చేది. "నన్నేనమ్మా తిడతంది" అని మేడంతో ప్రతిసారీ చెప్పేది.

ఇలా ఉండగా ఒకరోజు ఉత్తర్వు వచ్చింది. మా కేంద్రాన్ని ప్రపంచస్థాయి నైపుణ్య వికాస విభాగంలో విలీనం చేస్తున్నారట. మూసేస్తున్నాం అన్న మాట కాగితంలో ఎక్కడా లేదు. పెద్దవాళ్ళు ఏదీ మూసెయ్యరు, విలీనం చేస్తారు. గదులు ఖాళీ చెయ్యాలి, టేపులు కింద గోదాములో భద్రపరుస్తారు. ఆ గోదాములోకి వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళొస్తాయని యూనివర్సిటీలో కుక్కలకి కూడా తెలుసు.

సంగతి విన్న నూకాలమ్మత్త తట్ట దించకుండానే అడిగింది.

"గదులు మూసేత్తే మాయమ్మ ఎక్కడికెల్తాది బాబూ?"

నా రక్తం సలసలా మరిగింది. అక్కడికక్కడే పరిరక్షణ కమిటీ పెట్టాను. కన్వీనరుగా నన్ను నేనే ఎన్నుకున్నాను. కో-కన్వీనరు అప్పలరాజు. సభ్యులు ఇంకా చేరవలసి ఉంది.

మేడం పథకం చాలా సులువైనది. ముందు నేనూ అప్పలరాజూ వీసీ గారిని కలిసి వినతిపత్రం ఇవ్వాలి. ఆయన వినకపోతే సోమవారం పేటలోని ఆడవాళ్ళంతా వచ్చి పరిపాలనా భవనం ముందు కూర్చుంటారు. "మూయొద్దని ఒక్క మాట చెప్పి, కాగితం ఇచ్చి వచ్చెయ్యండి" అన్నారు మేడం. చిన్నపిల్లాడు కూడా చెయ్యగలిగిన పని. అందుకేనేమో నావల్ల కాలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మా కాలనీ సంఘంలో ఎవరు రిటైరైనా, ఎవరికి ప్రమోషనొచ్చినా, ఎవరి కూతురికి ర్యాంకొచ్చినా సన్మానం చేస్తారు. ఆ సభలన్నిటికీ నేనే వ్యాఖ్యాతని. చేతిలో శాలువా పడితే నోట్లోంచి పొగడ్త దానంతటదే వచ్చేస్తుంది. పంపు తిప్పితే నీళ్ళు వచ్చినట్టు.

"వీసీని కలవడానికి వెళ్తున్నా నాన్నా, మా కేంద్రం గొడవ మీద" అన్నాను.

"ఏం పట్టుకెళ్తున్నావు?"

"వినతిపత్రం."

"అంత పెద్దాయన దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్తావట్రా? ఒక శాలువా, ఒక పూలగుత్తి తీసుకెళ్ళు. మర్యాద చేసి అడిగితే కాదనలేడు."

నాకిది గొప్ప ఎత్తుగడగా తోచింది. ద్వారకా నగర్లో జరీ అంచు శాలువా ఒకటి కొన్నాను. అప్పలరాజు దాన్ని చూసి నడిరోడ్డు మీద ఆగిపోయాడు.

"పోట్లాటకెల్తూ సాలువా ఏటి బావా?"

"సంస్కారం బావా. గాంధేయ మార్గం అనుకో."

"మా పేటలో పోట్లాటకెల్తే ఉన్న తువ్వాలు తీసి నడుంకి కట్టుకుంటారు. ఎదుటోడికి కప్పరు."

అతని మాట వినుంటే ఇవాళ ఇది రాసే అవసరమే ఉండేది కాదు.

వీసీ గారి గదిలోకి వెళ్ళగానే ఆయన చూపు నా ముఖం మీద కాక సంచీ మీద పడింది. జరీ అంచు బయటికి కనబడుతోంది. ఎంతో అనుభవం ఉన్న మనిషి, మేము చెప్పకుండానే లేచి నిలబడ్డారు. పీఆర్వో ఎక్కణ్ణుంచో కెమెరాతో ప్రత్యక్షమయ్యాడు.

"ఏం బాబూ, ఏ విషయం?"

"మా అధ్యయన కేంద్రం విలీనం గురించి సార్. ముందు ఇది స్వీకరించండి."

శాలువా మడత విప్పాను. అంతే, పంపు తిరిగిపోయింది. "విద్యావేత్త, దార్శనికులు, నిరాడంబరులు, నిత్య నూతన ఆలోచనల గని, ఉత్తరాంధ్ర ముద్దుబిడ్డ" అంటూ ఎత్తుకున్నాను. ఆయనది ఈ ప్రాంతం కాదని అప్పలరాజు వెనకనుంచి గిల్లాడు. నేను ఆగలేదు.

"సార్ కళ్ళు మూసుకున్నారు, మళ్ళీ కప్పండి" అన్నాడు పీఆర్వో.

మళ్ళీ కప్పాను.

"ఇటు తిరిగి, కొంచెం నవ్వుతూ."

నవ్వుతూ కప్పాను. అప్పలరాజు చేతిలో ఉన్న పూలగుత్తి కూడా లాక్కుని ఇచ్చాను.

వీసీ గారు నా భుజం తట్టారు. "మార్పును యువత ఇలా స్వాగతించడం చూస్తే ముచ్చటగా ఉంది. ఏమంటారు?"

"తప్పకుండా సార్" అన్నాను.

ఈలోగా ఇంకో బృందం ఇంకో శాలువాతో లోపలికి వచ్చింది. మమ్మల్ని మర్యాదగా బయటికి నడిపించారు. మెట్లు దిగుతుంటే నాకు గెలిచినంత ఆనందంగా ఉంది.

"చూశావా బావా, ఎంత బాగా మాట్లాడారో."

"బాగానే ఉంది గానీ, మూయొద్దని సెప్పినావేటి?"

"చెప్పడం దేనికి, వినతిపత్రంలో అంతా ఉందిగా."

"అది నీ సేతిలోనే ఉంది బావా."

చూసుకున్నాను. ఉంది. వెనక్కి పరిగెత్తాను గానీ వీసీ గారు అప్పటికే మరో సన్మానానికి వెళ్ళిపోయారు.

మర్నాడు పేపర్లో, రంగుల్లో, నా పళ్ళు. పైన "విలీనంపై పరిశోధకుల హర్షం, వీసీకి ఘన సన్మానం" అని శీర్షిక. మా నాన్న ఆ ముక్క కత్తిరించి రాజమండ్రి చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపేశాడు. వాళ్ళు నాకు వరసగా శుభాకాంక్షలు చెప్పారు. దేనికో ఎవరూ అడగలేదు.

మేడం తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ప్రసాద్, నిన్ను ఏం పట్టుకెళ్ళమన్నాను?"

"వినతిపత్రం మేడం."

"ఏం తిరిగి తెచ్చావు?"

"వినతిపత్రం మేడం."

ఆవిడ ఒక మెత్తటి గుడ్డ తీసుకుని టేపుల మీద దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పేపరు ఆఫీసుకి పరిగెత్తాను. అక్కడి విలేకరి టీ తాగుతూ ఓపిగ్గా విన్నాడు.

"ఖండన వేద్దాం సార్. మీరు శాలువా కప్పలేదంటారా?"

"కప్పాను."

"పొగడలేదంటారా?"

"పొగిడాను."

"మరి ఏది ఖండించమంటారు?"

"నా ఉద్దేశం అది కాదండీ."

"ఉద్దేశానికి ఫోటో ఉందా?"

లేదన్నాను. పోనీ కోపంగా ఉన్న ఫోటో ఒకటి ఇమ్మన్నాడు. అక్కడే గోడకి ఆనించి నాలుగైదు తీశాడు. చూసి పెదవి విరిచాడు. అన్నిటిలోనూ నేను బహుమతి అందుకోబోతున్నవాడిలాగే ఉన్నానట. కాలనీ సభల్లో పెరిగిన ముఖం, దానికి ఇంకో భంగిమ రాదు.

సాయంత్రం అప్పలరాజు నన్ను పేటకి తీసుకెళ్ళాడు. నూకాలమ్మత్త గడప మీద కూర్చుని ఉంది. పేపరు ఆమె దాకా వచ్చేసింది. చదవడం రాకపోయినా బొమ్మ చూడటానికి చదువక్కర్లేదు.

"నవ్వుతున్నావు బాబూ" అంది.

"పొరపాటైపోయింది అత్తా. మర్యాదకని కప్పాను."

"నువ్వు సాలువా కప్పింది ఆయనకి కాదు. మాయమ్మ మీద కప్పీసినావు."

మా వైపు పోయినవాళ్ళ మీద కొత్త బట్ట కప్పుతారు. వాళ్ళ వైపూ అంతే. నేను ఏడ్చాను. నవ్వుల కథలో ఈ ముక్క దేనికని మీరనొచ్చు. ఏడ్చిన మాట నిజం, రాయకుండా ఎలా ఉంటాను.

"ఏడుపెందుకు, సోమారం ఒత్తాం గదా" అంది ఆవిడే చివరికి. "నువ్వు మాత్రం సేతులు కట్టుకుని నిలబడు. ఏటీ అనకు, ఎవులికీ ఏటీ ఇయ్యకు."

సోమవారం ఆడవాళ్ళు వచ్చి ఎండలో మెట్ల ముందు కూర్చున్నారు. వాళ్ళ చేతుల్లో నేను రాసిచ్చిన నినాదాలు ఉన్నాయి గానీ వాటిని ఎవరూ పట్టించుకోలేదు. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నం కావస్తుండగా వీసీ గారు, రిజిస్ట్రారు దిగివచ్చారు. విలేకరులు కూడా చేరారు.

"పరిశోధకులే విలీనాన్ని స్వాగతించారమ్మా. ఇదిగో ఈ అబ్బాయే నన్ను సన్మానించాడు" అని వీసీ గారు నన్ను చూపించారు. అందరూ నావైపు తిరిగారు. నేను చేతులు ఇంకా గట్టిగా కట్టుకున్నాను.

నూకాలమ్మత్త లేచింది. "మీ గదులు మీరే ఉంచుకోండి బాబూ. మాయమ్మ గొంతు మీకాడుంది. అది నా సేతిలో ఎట్టండి, నాను ఎల్లిపోతాను."

వీసీ గారికి అర్థం కాలేదు. మేడం రెండు ముక్కల్లో చెప్పారు. ఆయన రిజిస్ట్రారు వైపు తిరిగారు.

"విలీనం ఉత్తర్వులో ఈ గొంతులు ఎక్కడ చూపించారు?"

"కుర్చీలు, బల్లలు, ఫ్యాన్లు చూపించాం సార్. గొంతులకి కాలమ్ లేదు."

"ఫర్నిచర్లో వస్తాయా, ఎక్విప్‌మెంట్‌లో వస్తాయా?"

"టేపు ఎక్విప్‌మెంటే సార్. అందులో ఆవిడ మాత్రం..." అని రిజిస్ట్రారు ఆగిపోయాడు.

"మాయమ్మ కుర్సీ కాదు బాబూ" అంది నూకాలమ్మత్త.

కెమెరాలన్నీ వీసీ గారి ముఖం మీదే ఉన్నాయి. ఆయన చెమట తుడుచుకుని, విలీనాన్ని నిలిపివేస్తున్నామని, టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని ఈ నెలలోనే మొదలుపెడతామని అందరి ముందూ ప్రకటించారు. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆడవాళ్ళు ఒకరినొకరు కావిలించుకున్నారు.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండును.

నా కళ్ళు మసకబారాయి. గుండె పొంగిపోయింది. కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో తెలీదు. పక్కనే ఉన్న అప్పలరాజు భుజం మీది తువ్వాలు ఎప్పుడు లాగానో తెలీదు. తెలివొచ్చేసరికి దాన్ని వీసీ గారి భుజాల మీద నిండుగా కప్పి, "విద్యావేత్త, దార్శనికులు" దాకా వచ్చేశాను. అందరి కెమెరాలూ ఒక్కసారి మెరిశాయి.

మర్నాటి శీర్షిక: "కేంద్రాన్ని కాపాడిన వీసీకి జాలర్ల సన్మానం." ఎండలో కూర్చున్న ఆడవాళ్ళ ప్రస్తావన ఎక్కడా లేదు. నూకాలమ్మత్త పేరు లేదు. ఫోటోలో ఆమె మోచెయ్యి మాత్రం పడింది. వీసీ గారి పక్కన నేను, నా పళ్ళు.

ఆమె ఆ బొమ్మని చాలాసేపు చూసి, పేపరు అప్పలరాజుకిచ్చేసింది.

"ఈ గుంటడికి జబ్బు నోట్లో లేదురా, సేతుల్లో ఉంది. బేగి ఎవులికైనా సూపించండి" అంది.

అందుచేత, ఈ వ్యాసం చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్న ఏ మనిషి భుజం మీదా ఈ జన్మలో మళ్ళీ బట్ట వెయ్యను. ఇది ఉత్త మాట కాదు, ఆచరణలో ఉంది. నా పెళ్ళిలో బావమరిదికి బట్టలు పెట్టాల్సి వస్తే పురోహితుడు ఎంత గదమాయించినా వాటిని కవర్లో పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, నోరు గట్టిగా మూసుకుని చేతికిచ్చాను. ఆ పెళ్ళి ఫోటోలో మాత్రం, చూసినవాళ్ళంతా అంటున్నారు, నేను చాలా కోపంగా ఉన్నానట.