మధ్యాహ్నం మూడింటికి కొలిచిన రాయి

డిప్లొమా పూర్తయిన ఏడాది మా నాన్న వేసిన పత్తి పురుగు పాలైంది. ఇంట్లో కూర్చోలేక మార్టూరులో మా అమ్మ వైపు చుట్టం ఒకాయన నడిపే గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరాను. వరసకు మావయ్య. చీమకుర్తి నుంచి లారీల మీద నల్లరాయి దిమ్మలు వచ్చేవి. వాటిని కోసి, నునుపు చేసి, వంటింటి గట్లకూ మెట్లకూ పంపేవాళ్ళం. అంగుళం అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోని పని. నేను సూపర్‌వైజర్ని. చేతిలో టేపు, జేబులో పెన్ను, అంతే నా హోదా.

1998 మేలో మన దేశం అణుపరీక్షలు చేసింది. ఊళ్ళో స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను. ఆ వెంటనే అమెరికా మన మీద ఆంక్షలు పెట్టిందని పేపర్లో చదివినప్పుడు అది మార్టూరు దాకా వస్తుందని అనుకోలేదు. వచ్చింది. కొన్ని నెలల తర్వాత హైదరాబాద్ నుంచి ఒక ఆఫీసరు జీపులో దిగాడు. సైన్యం వాడే హెలికాప్టర్లకు విడిభాగాలు చేసే వర్క్‌షాపు ఆయనది.

మావయ్య టీ తెప్పించి, "మాతో మీకేం పనండీ?" అని అడిగాడు.

ఆయన విసుగు లేకుండా విడమరచి చెప్పాడు. ఆ హెలికాప్టర్లు మనకు అమ్మిన దేశం అమెరికా కాదు, వేరే దేశం. దానితో మనకు తగువేమీ లేదు. కానీ వాటి లోపలి భాగాలు కొన్ని అమెరికావి. అమెరికా వద్దంటే ఆ దేశం ఇవ్వాలనుకున్నా ఇవ్వడానికి వీల్లేదు. మరమ్మతుకని అక్కడికి పంపినవి కూడా తిరిగి రాకుండా ఆగిపోయాయి.

"స్నేహం ఉండి కూడా ఇవ్వలేకపోతున్నారండి వాళ్ళు," అన్నాడు. "అందుకే ఆ భాగాలు మేమే చేసుకుంటున్నాం. చేసింది సరిగ్గా ఉందో లేదో కొలవాలంటే కింద ఒక బల్ల కావాలి, ఎక్కడా ఎత్తుపల్లాలు లేని రాతి బల్ల. అదీ బయటినుంచే తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు అదీ రావట్లేదు."

వెంట్రుక మందంలో పదో వంతు తేడా కూడా ఉండకూడదన్నాడు. మావయ్య నా వైపు చూశాడు. నేను పాలిష్ మేస్త్రీ వైపు చూశాను.

మేస్త్రీకి అప్పుడు నలభై అయిదేళ్ళుంటాయి. పక్క ఊరి క్రైస్తవుల పేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. చదువు అయిదో తరగతి. అరచేతిని రాయి మీద ఆనించి ఎక్కడ ఎత్తుందో చెప్పేవాడు, తర్వాత నేను పరికరం పెట్టి చూస్తే అక్కడే ఉండేది. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అయినా నేను "నువ్వు" అనేవాణ్ణి, ఆయన నన్ను "సార్" అనేవాడు. ఫ్యాక్టరీలో అందరూ అలాగే అనేవాళ్ళు కాబట్టి నాకది తప్పని తోచలేదు.

ఆయన ఇనుప పలకకు వజ్రపు పొడి రాసి, రాయి మీద రోజుల తరబడి రుద్దేవాడు. నేను కొలిచి కాగితం మీద అంకెలు రాసేవాణ్ణి. మొదటి రెండు బల్లలూ హైదరాబాద్‌లో పాసయ్యాయి. నా నడక మారిపోయింది. ఇంటికని దర్శి వెళ్ళినప్పుడల్లా టీకొట్టు దగ్గర, సైన్యం పని చేస్తున్నానని, అమెరికా మనల్నేం చేయలేదని చెప్పేవాణ్ణి. అక్కడ మిరపకాయల రేటు గురించి మాట్లాడుకునే రైతులు కాసేపు నా మాట వినేవాళ్ళు. ఆ చెప్పడంలో మేస్త్రీ ఊసు ఒక్కసారీ రాలేదు.

మూడో బల్ల దగ్గర జరిగింది ఇది. మార్చి నెల, రేకుల షెడ్డు. రాయి పైభాగం వేడెక్కితే మధ్యలో ఉబ్బుతుంది, చల్లారితే కిందికి దిగుతుంది. అందుకే తెల్లవారుజామున, ఎండ రాకముందే కొలవాలని ఆఫీసరు మొదటి రోజే చెప్పివెళ్ళాడు. కాగితం మీద కొలిచిన టైము రాయడానికి ఒక గడి కూడా ఉంది.

ఆ రోజు లారీ ఒక రోజు ముందే వచ్చేసింది. మావయ్య షెడ్డులోకి వచ్చి, "ఏరా అల్లుడూ, అయిందా? ఇది టైముకి పంపితే ఇంకో పది మనవేనంట," అన్నాడు.

నేను "అయిపోయింది మావయ్యా, కొలవడమే," అన్నాను. కాదు అనడం నాకు చేతకాలేదు.

మేస్త్రీ చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "సార్, రాయి ఇంకా వేడిగా ఉందండి. రేపు పొద్దున్నే చూద్దాం. ఒక్క పూట ఆగమనండి లారీని."

"నాకు తెలుసులే, నువ్వు పక్కకి జరుగు," అన్నాను.

మధ్యాహ్నం మూడింటికి కొలిచాను. అంకెలు అద్భుతంగా వచ్చాయి. టైము గడిలో "ఉదయం ఆరు" అని రాసి సంతకం పెట్టాను. మేస్త్రీ నా భుజం పక్కనే నిలబడి ఆ కాగితం చూశాడు. ఆ మాత్రం చదవడం ఆయనకు బాగానే వచ్చు.

నెలన్నర తర్వాత ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. ఈసారి టీ తాగలేదు. చల్లటి గదిలో పెట్టి చూస్తే ఆ బల్ల మధ్యలో పల్లంగా ఉందట. అది తెలిసేలోగా దాని మీద కొలిచిన భాగాలన్నీ పక్కన పడేశారు. బాగుపడాల్సిన హెలికాప్టర్లు ఇంకొన్నాళ్ళు నేల మీదే ఉన్నాయి.

"ఇది పొద్దున్నే కొలిచారా?" అని నన్ను అడిగాడు.

మావయ్య ఉన్నాడు. మేస్త్రీ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. "కొలిచానండి. సరిగ్గానే ఉంది. తర్వాత లారీ ఎక్కించే ముందు మేస్త్రీ మళ్ళీ రుద్దినట్టున్నాడు," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ముందుగా అనుకున్నది కూడా కాదు.

మావయ్య వెంటనే అందుకున్నాడు. "ఆదివారం చర్చికెళ్ళే తొందరండీ వాళ్ళకి. పని మీద ధ్యాసుంటేగా!" లారీ వెళ్ళింది బుధవారం. ఆ సంగతి నాకు తెలుసు, మావయ్యకూ తెలుసు.

ఆఫీసరు మేస్త్రీ వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

మేస్త్రీ నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను ఇంకో మాట అంటానేమోనని ఆగాడు. చివరికి, "సార్ రాసిందే రాసుకోండయ్యా," అని ఇనుప పలక కింద పెట్టాడు. మర్నాటి నుంచి ఆయన్ని రావద్దన్నారు.

ఆయన లేకుండా నాలుగో బల్ల చేయలేకపోయాం. రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాం. 2001లో అమెరికా ఆంక్షలు ఎత్తేసింది. విడిభాగాలు మళ్ళీ రావడం మొదలైందని, మనకూ వాళ్ళకూ మాటలు కలిశాయని పేపర్లో చదివాను. ఆఫీసరు ఇక రాలేదు. ఎక్కడో ఢిల్లీకీ వాషింగ్టన్‌కీ చెడినప్పుడు మాకు దొరికిన పని, వాళ్ళకు కుదిరినప్పుడు పోయింది. అందులో మా తప్పేమీ లేదని మావయ్య అందరికీ చెప్పుకున్నాడు. నేనూ అదే చెప్పాను. నాకది చాలా అనుకూలమైన మాట.

తర్వాత నేను ఒంగోలులో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో చేరాను. కొలతల పాఠం నేనే చెప్పేవాణ్ణి. రాయి చల్లారాకే కొలవాలని బోర్డు మీద రాసేవాణ్ణి.

2005లో కాబోలు, కాలేజీ పని మీద చీమకుర్తి వెళ్ళినప్పుడు ఒక కటింగ్ యూనిట్ దగ్గర మేస్త్రీ కనిపించాడు. జుట్టంతా రాతి దుమ్ము. దగ్గుతున్నాడు. నేను తప్పించుకుపోదామనుకున్నాను, ఆయనే పిలిచాడు.

"సార్! బావున్నారా?"

"బావున్నానండి. మీరు?" అన్నాను. ఆయన్ని "మీరు" అనడం అదే మొదటిసారి.

మాటల్లో చెప్పాడు. హైదరాబాద్‌లో ఎవరో ప్రైవేటు కంపెనీ వాళ్ళు రాతి బల్లలు చేయిస్తున్నారట. ఇప్పుడు విదేశీ కంపెనీలు మనకు ఆయుధాలు అమ్మాలంటే కొంత పని ఇక్కడే చేయించాలని ప్రభుత్వం అంటోందని, దాంతో చేయి తెలిసినవాళ్ళ కోసం వెతుకుతున్నారని అక్కడ పనిచేసే చుట్టం చెప్పాడట. పాత పని తాలూకు కాగితం తెమ్మన్నారు.

"మీరొక కాగితం రాసివ్వండి సార్. నేను ఆ పని చేశానని. ఆ మూడో రాయి తప్పు నాది కాదని కూడా రాయండి. మార్టూరులో అడిగితే తప్పు నాదనే చెబుతారు కదా."

అక్కడే టీ బడ్డీ దగ్గర కూర్చుని ఇంగ్లిష్‌లో రాశాను. నిపుణుడని, నమ్మకస్తుడని, ఓర్పుగలవాడని రాశాను. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. అది రాస్తే నా ఉద్యోగం సంగతి ఏమిటి? కింద సంతకం నాదే కదా.

ఆయన కాగితం చూసి, "అదీ రాశారా?" అన్నాడు.

"రాశానండి," అన్నాను.

పది రోజుల తర్వాత కాలేజీకి ఒక అమ్మాయి వచ్చింది. మేస్త్రీ కూతురు. దర్శి దగ్గర మిషన్ స్కూల్లో టీచరట. స్టాఫ్ రూము బయట నిలబడి ఆ కాగితం నా ముందు విప్పింది.

"నాన్నగారు అడిగిన మాట ఇందులో లేదండి," అంది. "నేను రెండుసార్లు చదివాను. మీరు మర్చిపోయారేమో అంటున్నారు నాన్న. మర్చిపోయారా?"

అవునంటే సరిపోయేది. ఆమె ఆ దారి నాకు వదిలిపెట్టే అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "భయమేసి రాయలేదు."

ఆమె బ్యాగులోంచి తెల్లకాగితం తీసి ఇచ్చింది. మధ్యాహ్నం మూడింటికి కొలిచి ఉదయం ఆరు అని రాశానని, మేస్త్రీ వద్దన్నా వినలేదని, ఆయన మీద అబద్ధం చెప్పానని రాశాను. మార్టూరుకు కూడా ఒక నకలు పంపుతానన్నాను. ఆమె నిలబడే చదివి, ఒక స్పెల్లింగు తప్పు చూపించింది. దిద్దాను.

ఆ సాయంత్రమే మావయ్యకు నకలు పోస్టు చేశాను. ఆయన ఫోన్ చేసి, "ఇప్పుడెందుకురా ఇదంతా? ఎవడడిగాడు?" అన్నాడు. అప్పటి నుంచి పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డా నాతో మాట్లాడడు. కాలేజీలో ఎవరూ ఏమీ అనలేదు. నేను భయపడినంత విలువ నా సంతకానికి ఎక్కడా లేదు.

మేస్త్రీకి ఆ పని రాలేదు. కాగితం చేరేసరికి వాళ్ళు వేరే మనుషుల్ని పెట్టుకున్నారు. ఆ పది రోజుల ఆలస్యం నాది. ఈ సంగతి ఆయన కూతురే ఫోన్‌లో చెప్పింది, కాగితం మాత్రం నాన్న దాచుకున్నారని కూడా చెప్పింది. ఆయనతో మాట్లాడతానని అడిగితే, కాసేపు ఎవరో మాట్లాడుకున్న చప్పుడు వినిపించింది.

"పడుకున్నారండి," అంది. పట్టపగలు పదకొండు గంటలు. నేను సరేనమ్మా అని పెట్టేశాను.