ధర్మవరంలో మా మూడో లాడ్జి

"ఇల్లు చూడ్డానికి నువ్వూ రావాలి" అని మా ఆయన అన్నప్పుడు నేను నమ్మలేదు. కంపెనీ పని మీద నన్నెప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్లలేదాయన. ధర్మవరంలో మూడో లాడ్జికని వాళ్లు అడుగుతున్న ఇంటి సొంతదారు నారాయణమ్మవ్వ, మీ ఇంటి ఆడమనిషితో మాట్లాడితే గానీ ఇల్లియ్యనని కబురు పెట్టిందట. అలా దొరికింది నాకీ ప్రయాణం.

అరవైల మొదట్లో సంగతి. హిందూపురంలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కాం. మూడో తరగతి టికెట్లు, చిత్రాన్నం పొట్లాలు. మా వెంట భాగస్తుడు ఖాదరన్న. కంపెనీ అంటే వాళ్లిద్దరే. హిందూపురం బజారులో టిఫిను హోటలు పెట్టి, బెల్లం మండీకొచ్చే వర్తకుల కోసం పైన నాలుగు గదులు కట్టారు. అవి నిలదొక్కుకున్నాక పెనుకొండలో పాత బంగళా కొని, కోర్టు పనులకొచ్చేవాళ్లకు గదులిచ్చారు.

పెనుకొండ రాగానే కిటికీ నిండా కొండే. మా బంగళా కనిపిస్తుందేమోనని తల బయటపెట్టాను. కంట్లో బొగ్గు నలుసు పడింది. అక్కడ ఎక్కిన చీరల వ్యాపారిని ధర్మవరంలో రాత్రిళ్లు ఎక్కడ దిగుతారని అడిగాను.

"దిగేదానికి జాగా యాడుండాదమ్మా? మగ్గాలోళ్ల అరుగుల మీదే పండుకునేది" అన్నాడు.

ఖాదరన్న మా ఆయన్ని మోచేత్తో పొడిచాడు.

పదకొండింటికి ధర్మవరంలో దిగి, స్టేషనెదుట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, మగ్గాల చప్పుడు వింటూ నడిచాం. ఇల్లు చూడగానే నాకు నచ్చేసింది. రెండంతస్తులు, పెరట్లో బావి, మేడ మీద ధారాళంగా గాలి. ఏ గదిలో ఏ మంచం వెయ్యాలో మనసులో అప్పుడే సర్దేసుకున్నాను.

అవ్వ నన్నోసారి ఎగాదిగా చూసి, మా ఆయన్ని కూర్చోబెట్టి సూటిగా అడిగింది: "ఏమప్పా, ఆడది ఒంటిగా వస్తే రూము ఇస్తావా?"

ఆయన నసిగాడు. మా రెండు లాడ్జీల్లోనూ ఇచ్చేవాళ్లం కాదు. అప్పట్లో ఎక్కడా ఇచ్చేవాళ్లు కాదు.

అవ్వ అందుకుంది: "మా ఆయన పోయినాక చీరలమూట ఎత్తుకొని బెంగళూరు పోతి. ఒక్క లాడ్జీవోడూ లోపలికి రానీలే. తెల్లార్లూ స్టేషన్లోనే కూచుంటి. మళ్లా అట్లాటి లాడ్జీ నా ఇంట్లోనా? వొద్దు పొండి!"

మా ఆయన లేవబోయాడు. ఇల్లు చేజారిపోతోంది. అంతవరకు తలుపు పక్కన నిలబడ్డ నేను ముందుకొచ్చాను.

"ఇస్తామవ్వా. నేనే ఈడ ఉండి చూసుకుంటా."

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఖాదరన్న వెంటనే, "చెల్లెమ్మ చెప్పిందే మా మాట" అన్నాడు. మా ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసి, నెమ్మదిగా తలూపాడు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లింది. "గాలొచ్చే ఈ గది ఆడోళ్లకే పెట్టు. ఇల్లిస్తాలే, రేపే మేస్త్రీని పిలిపిస్తా."

సాయంత్రం తిరుగు బండి ఎక్కాం. పెనుకొండ దాటాక మా ఆయన, "మరి హిందూపురంలో నాకు వంటెవరు చేస్తారు?" అన్నాడు.

"హోటలు పెట్టుకుని నన్నడుగుతారా?" అన్నాను. ఖాదరన్న పెట్టె అదిరేలా నవ్వాడు.

చీకటి పడుతున్నా నాకు కిటికీ వదలబుద్ధి కాలేదు. అప్పటిదాకా ఆ రైలు మార్గం వాళ్ల వ్యాపారానిది. ఆ రోజు నుంచి నాది కూడా. మీరు ధర్మవరం వస్తే నేరుగా మా దగ్గరికి రండి. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లయితే మేడ మీద గది అడగండి, తాళం చెవి నేనే ఇస్తాను.